వదినగారి టైమ్‌టేబుల్

అమ్మాయి వాళ్ల ఇల్లు, మూడో అంతస్తు,
బడులు తెరవడానికి రెండు వారాల ముందు

మరదలా,

నీ కార్డు అందింది. కవరు చించగానే ముందు అదే జారి కింద పడింది, కాబట్టి ఉత్తరం కంటే ముందు దాన్నే చదివాను. పేరు కింద బంగారు రంగులో 'పాఠశాలల టైమ్‌టేబుల్ సలహాదారు' అని ఉంది. అద్దాలు తుడుచుకుని రెండోసారి చదివాను. రెండోసారీ అదే ఉంది.

మీ అన్నయ్య దాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించారు. పెళ్లయిన ముప్ఫై తొమ్మిదేళ్లలో ఆయన ఇంట్లో ఒక వస్తువుని తనంతట తాను ఒక చోట పెట్టడం ఇదే మొదలు. ఇక నాకు పాలగిన్నె కావాలన్నా ముందు నీ దర్శనం చేసుకోవాలి.

సంతోషం. రిటైరయ్యాక కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు మోకాళ్ల గురించి మాట్లాడుకుంటారు. నువ్వు సలహాలు ఇద్దామనుకున్నావు. మంచిదే. కాకపోతే ఒక్క సందేహం, మరోలా అనుకోకు. ముప్ఫై ఏళ్లు మనిద్దరం ఒకే బళ్లో పనిచేశాం. నువ్వు భౌతికశాస్త్రం చెప్పావు. వైస్ ప్రిన్సిపాల్‌గా ఇరవై రెండేళ్లు ఆ బడి టైమ్‌టేబుల్ వేసింది నేను. నలభై ఎనిమిది మంది టీచర్లు, ముప్ఫై సెక్షన్లు, ఒకే ఒక్క గ్రౌండు, ఒకరితో ఒకరు మాట్లాడని ఇద్దరు లెక్కల టీచర్లు. సెలవుల్లో నేను భోజనాల బల్ల మీద అట్టముక్కలు పరుచుకుని కూర్చుంటే, నువ్వొచ్చి శనివారం ఆఖరి పీరియడ్ నాకొద్దని చెప్పి, టీ తాగి వెళ్లేదానివి. అంటే టైమ్‌టేబుల్‌తో నీ అనుభవమంతా దాన్ని మార్పించుకోవడంలోనే గడిచింది. అదీ ఒక అనుభవమేలే.

నేనేం చేస్తున్నానని అడిగావు. బడులు తెరిస్తే మనవరాలిని పొద్దున బస్సెక్కిస్తాను, సాయంత్రం దింపుకుంటాను. మధ్యలో ఆరు గంటలు ఖాళీ. మొన్న దాని పాత సంచి దులుపుతుంటే పోయినేటి టైమ్‌టేబుల్ బయటపడింది. వరసగా రెండు లెక్కల పీరియడ్లు, వెంటనే డ్రిల్లు, మళ్లీ లెక్కలు. వేసినవాడు మనిషై ఉండడు. బడికెళ్లి ఒక మాట చెప్పి వస్తానంటే అమ్మాయి, "నిన్నెవరడిగారమ్మా?" అంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. నిజమే కదా, నన్నెవరూ అడగలేదు. నిన్ను అడుగుతున్నారు.

సందేహాలుంటే రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో చెప్పింది గాలికి పోతుంది, కాగితం మీదైతే ఎర్ర పెన్ను పెట్టొచ్చు.

వదిన


వంతెన పక్క వీధి, మేడమీద గది,
బడులు తెరిచిన వారం

వదినా,

నీ ఉత్తరంలో మెచ్చుకోలు ఎక్కడుందా అని భూతద్దం పెట్టి వెతికాను. 'సంతోషం' అన్న మాట ఒకటి దొరికింది. దాని వెనకే 'కాకపోతే' కూడా ఉందనుకో. మొదటిదాన్ని మాత్రం దాచుకున్నాను.

మొదటి బడికి వెళ్లొచ్చాను. గోడలకి ఇంకా రంగు వాసన పోలేదు. ప్రిన్సిపాల్ చిన్నపిల్ల, ముప్ఫై మూడుంటాయేమో. నన్ను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, మూత పెట్టిన గ్లాసులో నీళ్లు తెప్పించి, ఎదురుగా పుస్తకం తెరుచుకుని కూర్చుంది. టైమ్‌టేబుల్ కంప్యూటరే వేసిచ్చిందట, గడులన్నీ చక్కగా నిండాయట, కానీ స్టాఫ్‌రూమ్‌లో రోజూ ఎవరో ఒకరు ఏడుస్తున్నారట. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. నేను నోరు తెరుస్తానని ఒక మనిషి పెన్ను పట్టుకుని ఎదురుచూడడం, వదినా, నా జన్మలో చూడలేదు. మన బళ్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నీ బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. ఇంట్లోనూ అంతే. అన్నయ్యని ఏదడిగినా 'మీ వదినని అడుగు' అనేవాడు.

ఒక చిన్న సంగతి, ఊరికే అడుగుతున్నాను. డ్రిల్లు నుంచి వచ్చిన పిల్లలు తర్వాతి పీరియడ్ సగం కుళాయి దగ్గర, సగం నిద్రలో గడుపుతున్నారు. మన బళ్లో ఆ బాధ ఉన్నట్టు గుర్తులేదు. నువ్వేం చేసేదానివి?

నీ ఆడపడుచు


అమ్మాయి వాళ్ల ఇల్లు, భోజనాల బల్ల,
ఆ మరుసటి వారం

మరదలా,

ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతున్నాను. ఆరు పేజీలయింది. తీరిగ్గా చదువుకో.

డ్రిల్లుని ఇంటర్వెల్‌కి ముందు వెయ్యి. కుళాయి గోల ఇంటర్వెల్ గోలలో కలిసిపోతుంది. కుదరకపోతే డ్రిల్లు తర్వాత బొమ్మలు గీసే క్లాసు పెట్టు, చెయ్యి కదులుతుంటే కన్ను మూతపడదు. ల్యాబ్ క్లాసుకి ముందు ఆ టీచరుకి ఖాళీ ఉండాలి, తీగలూ బల్బులూ సర్దుకోవద్దూ? నీ ల్యాబ్‌కి ముందు ముప్ఫై ఏళ్లలో ఎక్కువ భాగం నీకు ఖాళీయే ఉండేది. అదృష్టం అనుకున్నావు. అది నేను.

కొత్తగా చేరిన టీచరుకి మొదటి పీరియడ్ నెమ్మదైన సెక్షన్లో వెయ్యి. పొద్దున్నే ఓడిపోయిన మనిషి సాయంత్రం దాకా కోలుకోదు. మాటల్లేని ఇద్దరిని ఒకే గదిలోకి ఒకరి వెనక ఒకరిని పంపకు, బోర్డు ఎవరు తుడవాలన్న దగ్గర యుద్ధం మొదలవుతుంది. ఆఖరి పీరియడ్ పెద్ద గొంతువాళ్లకి కాదు, కథలు చెప్పేవాళ్లకి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, టైమ్‌టేబుల్ వేసేది సబ్జెక్టులకి కాదు, మోకాళ్లకి. ఏ మనిషి రోజుకి ఎన్నిసార్లు పై అంతస్తు ఎక్కుతోందో లెక్క చూసుకున్నాకే గడి నింపు.

మిగతావి లోపలి పేజీల్లో ఉన్నాయి. రాస్తుంటే టీ చల్లారింది, మనవరాలి బస్సు కాస్తలో తప్పిపోయేది. ఏమిటమ్మా ఇవాళ మొహం వెలిగిపోతోందని అమ్మాయి అడిగింది కూడా.

లీజర్ పీరియడ్లు, అంటే టీచర్ల ఖాళీలు, ఎవరికి ఎక్కడ వెయ్యాలన్నది వీటన్నిటినీ మించిన విద్య. అది ఇప్పుడు రాయను. అన్నీ చెప్పేస్తే నా దగ్గరేం మిగులుతుంది?

వదిన


వంతెన పక్క వీధి,
మొదటి పరీక్షలయ్యాక

వదినా,

మోకాళ్ల మాట విని ప్రిన్సిపాల్ పిల్ల నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఇప్పుడా స్టాఫ్‌రూమ్‌లో ఏడుపుల్లేవు. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, మొన్న పన్నెండు బళ్ల ప్రిన్సిపాళ్లు ఒకచోట చేరితే నన్ను మాట్లాడమన్నారు.   చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాను, ఒకటి పంపుతున్నాను.

అసలు విషయం ఇది. అరవై నాలుగు మంది టీచర్లున్న పెద్ద బడి ఒకటి నన్ను పిలిచింది. ఈ ఏడాది రెండో సగం నుంచి మొత్తం టైమ్‌టేబుల్ నన్నే వెయ్యమన్నారు. ఇది నిలబెట్టుకుంటే నేను నిజంగా సలహాదారుని. లేకపోతే పెట్టెడు కార్డులున్న ముసలిదాన్ని.

నీ ఆడపడుచు


అమ్మాయి వాళ్ల ఇల్లు,
పుస్తకం అందిన రోజు

గౌరవనీయులైన సలహాదారు గారికి,

తమ పుస్తకం అందింది. ఇరవై పేజీలు, నున్నటి కాగితం, అట్ట మీద సుద్దముక్క పట్టుకుని తమరు. ఫోటోలో వెలుతురు బాగా పడింది.

నాలుగో పేజీలో 'టైమ్‌టేబుల్ వేసేది సబ్జెక్టులకి కాదు, మోకాళ్లకి' అన్న వాక్యం చదివి ఎంతో ఆనందించాను. ఎక్కడో విన్నట్టే ఉంది. ఏడో పేజీలో పొద్దున్నే ఓడిపోయిన మనిషి కనిపించింది, పదో పేజీలో బోర్డు తుడిచే యుద్ధం జరిగింది. నావి అనిపించిన వాక్యాల కింద ఎర్ర గీతలు పెడుతూ పోయాను. పుస్తకం కంటే ముందు సిరా అయిపోయింది.

చివరి పేజీలో కృతజ్ఞతలు ఉన్నాయి. అచ్చు వేసినవారికి, ఫోటో తీసినవారికి, 'నా కుటుంబ సభ్యులకు'. ఆ బహువచనంలో ఒక మూల నేనూ ఉండే ఉంటాను.

మీ అన్నగారు పుస్తకమంతా నాకు పైకి చదివి వినిపించి, "మా చెల్లెలు ఎంత బాగా రాసిందో చూశావా!" అన్నారు. ఇరవై రెండేళ్లు అవే మాటలు భోజనాల బల్ల దగ్గర నేను అంటుంటే ఎదురుగా కూర్చుని పేపరు చదువుకున్న మనిషి.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత ఉంది. వదిన సొమ్ము ఆడపడుచు దానం చేస్తే ఏమంటారో పెద్దలు చెప్పలేదు. వాళ్లకి ఆ ఊహ వచ్చి ఉండదు.

ఇట్లు,
ఒక కుటుంబ సభ్యురాలు


వంతెన పక్క వీధి,
సోమవారం

వదినా,

'మీరు' అనొద్దు. తిట్టు, కానీ నువ్వు అనే తిట్టు.

నీ పేరు వెయ్యాల్సింది. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ కొట్టేశాను. వేస్తే వాళ్లు 'అయితే ఆవిడనే పిలుద్దాం' అంటారని భయం వేసింది. దీనికి ఇంతకంటే మంచి కారణం ఏమైనా దొరుకుతుందేమోనని వారం రోజులు వెతికాను, దొరకలేదు. ఈసారి అచ్చు వేస్తే మొదటి పేజీలోనే వేస్తాను.

పెద్ద బడి టైమ్‌టేబుల్ పూర్తయింది, ఇందులో పెట్టి రాత్రి బస్సు కొరియర్‌లో పంపుతున్నాను. శుక్రవారం ఇచ్చెయ్యాలి. ఇందులో ఒక్కటి మాత్రం నీ దగ్గర తీసుకున్నది కాదు, పూర్తిగా నాది. చిన్న తరగతులు ఆరో పీరియడ్‌తో ఇంటికి వెళ్లిపోతాయి. అందుకని లీజర్లన్నీ చివరి రెండు పీరియడ్లకి జరిపేశాను. ఇక ఎవరినీ ఖాళీలోంచి లేపి ఇంకో క్లాసుకి తోలరు. మన బళ్లో నేను లీజర్లో టీ కప్పు ఎత్తానో లేదో నీ చీటీ వచ్చేది, ఆరో తరగతి టీచరు రాలేదు, వెళ్లమని. ఇరవై రెండేళ్లు ఆ చీటీ లేని టైమ్‌టేబుల్ కోసం కలలు కన్నాను. ఇది చూపించగానే టీచర్లు చుట్టూ మూగి నా చేతులు పట్టుకున్నారు.

ఎర్ర పెన్ను పెట్టి చూడు. ఏముంటే అది చెప్పు. నువ్వు చూశాకే ఇస్తాను.

నీ ఆడపడుచు


అమ్మాయి వాళ్ల ఇల్లు,
మంగళవారం

మరదలా,

టైమ్‌టేబుల్ చూశాను. చాలా బాగుంది. ఏమీ మార్చనక్కర్లేదు.

లీజర్ల సంగతి నీ సొంతం అన్నావు కాబట్టి నేను వేలు పెట్టడం బాగుండదు. టీచర్లు సంతోషంగా ఉన్నారుగా, ఇంకేం కావాలి.

వదిన


వంతెన పక్క వీధి,
తుఫాను వానలు పట్టిన రెండో వారం

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త టైమ్‌టేబుల్ మూడు వారాలు బాగా నడిచింది. నిన్న కాక మొన్న జ్వరాలూ వానా కలిసి అయిదుగురు టీచర్లు రాలేదు, అయిదుగురూ చిన్న తరగతుల వాళ్లే. వాళ్ల క్లాసుల్లోకి పంపడానికి బడి మొత్తంలో ఖాళీగా ఉన్న మనిషి ఒక్కరు లేరు. ప్రిన్సిపాల్ ఒక క్లాసులో నిలబడింది, గుమాస్తా ఒకదాంట్లో, లైబ్రరీ ఆవిడ ఒకదాంట్లో. రెండు గదులకి కలిపి ఆయా ఒక్కతే తిరిగింది. ఆ రెండిట్లో ఒకదాంట్లో మూడో తరగతి పిల్లలు నలభై మంది రెండు పీరియడ్లు దాదాపు వాళ్లంతట వాళ్లే ఉన్నారు. వాన చూద్దామని కిటికీ గట్టు ఎక్కారు. ఒక పాప జారి లోపలికి, బెంచీ అంచు మీద పడింది. మణికట్టు విరిగింది.

ఆసుపత్రికి వెళ్లాను. ఎనిమిదేళ్ల పిల్ల. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, "మీరు ఏం చెప్పే టీచరు?" అని అడిగింది. 

వచ్చే సోమవారం పదింటికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు. పాప అమ్మానాన్నా కూడా వస్తారు.

ఒక్కటే అడుగుతాను. నువ్వు అట్టముక్కల మనిషివి. ఆ రోజు నీకు ఇది కనిపించలేదా?


అమ్మాయి వాళ్ల ఇల్లు,
బుధవారం

మరదలా,

కనిపించింది.

బల్ల మీద పరిచాక మొదటి వరస చదవడం పూర్తికాకముందే కనిపించింది. మొదటి పీరియడ్ నుంచి ఆరో పీరియడ్ దాకా ఖాళీ మనిషి లేదు. ఒక్కరికి జ్వరమొస్తే కూలిపోయే గోడ అది. ప్రతి పీరియడ్‌లోనూ ప్రతి అంతస్తులో ఒకరు ఖాళీగా ఉండేట్టు లీజర్లు చల్లాలి. నేను దాచుకున్న మహావిద్య అంతే, ఒక్క వాక్యం. నువ్వెప్పుడూ ఆ చీటీ అందుకున్నదానివే తప్ప, చీటీ ఎవరికి పంపాలా అని పొద్దున్నే వరండాలో నిలబడ్డదానివి కాదు. నీకు తెలిసే వీల్లేదు. నాకు తెలుసు. తెలిసే 'చాలా బాగుంది' అని రాశాను.

మొదట వేరే ఉత్తరం రాశాను. రెండు పేజీలు, ఎర్ర గీతలతో సహా. కవరు అంటించబోతుంటే మీ అన్నయ్య వచ్చి, చెల్లెలి పుస్తకం ఎక్కడ పెట్టావు, పక్కింటాయనకి చూపిస్తాను అన్నారు. చించేశాను. నెపం ఆయన మీద పెట్టడం లేదు. చించింది నా చేతులే.

ఒకరోజు బడి గందరగోళం అవుతుంది, నిన్ను నాలుగు మాటలంటారు, నువ్వు వదినా అంటూ నా దగ్గరికి వస్తావు అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. బళ్లో ముప్ఫై ఏళ్లు ఉన్న దాన్ని, ఆ గడుల్లో నాకు నువ్వు కనిపించావు, టీచర్లు కనిపించారు, పిల్లలు కనిపించలేదు.

మనవరాలిని రోడ్డు దాటించేటప్పుడు మణికట్టు దగ్గర పట్టుకోవడం నాకు అలవాటు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అక్కడ పట్టుకోలేక భుజం పట్టుకుంటున్నాను. పిల్ల విసుక్కుంటోంది.

క్షమించమని అడగను. అది నీకు ఇంకో పని అప్పజెప్పడం అవుతుంది.

వదిన


వంతెన పక్క వీధి,
గురువారం

వదినా,

నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. గదిలో అటూ ఇటూ తిరిగాను, పుస్తకాల కట్టని కాలితో తన్నాను. అయినా ఆ కోపం మొత్తం నీ మీదకి పోలేదు. ఎందుకంటే నా దగ్గరా దాచింది ఒకటి ఉంది.

నలభై ఏళ్లుగా నిన్ను ఎరుగుదును. నువ్వు దేన్నీ చాలా బాగుంది అనలేదు. నా పెళ్లి ఫోటోలు చూసి కూడా పందిరి గట్టిగా వేశారు అన్నావు. అలాంటిది 'చాలా బాగుంది, ఏమీ మార్చనక్కర్లేదు' అన్న నీ చీటీ వచ్చింది. చదవగానే తెలిసింది, ఇందులో ఏదో తప్పుంది, అది నువ్వు చూశావు అని. ఆ రోజు బుధవారం. శుక్రవారం దాకా వ్యవధి ఉంది. బస్సెక్కితే మూడు గంటల్లో నీ బల్ల ముందు ఉండేదాన్ని.

ఎక్కలేదు. వస్తే అది మళ్లీ నీ టైమ్‌టేబుల్ అయిపోయేది. అంతేకాదు, అబద్ధమని తెలిసినా ఆ మాట నీ చేతిరాతలో చూసుకోవడం బాగుంది వదినా. నువ్వు మనసారా అన్నావని రెండు రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ రెండు రోజుల ఖరీదు ఆ పాప చెయ్యి.

నువ్వు నన్ను చూసి కుళ్లుకుంది ఆర్నెల్లు. నేను నిన్ను చూసి కుళ్లుకుంది ముప్ఫై ఏళ్లు. సీనియారిటీ నాదే.

సంజాయిషీ రాశాను, చిత్తుప్రతి పంపుతున్నాను. తప్పు నాదేనని రాశాను. నీ గురించి ఏమీ రాయలేదు.

నీ ఆడపడుచు


అమ్మాయి వాళ్ల ఇల్లు,
శుక్రవారం పొద్దున

మరదలా,

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు అందితే తలుపు తియ్యి, వెనక అందితే ఇద్దరం కలిసి చదువుకుందాం.

మీ అన్నయ్యకి అంతా చెప్పాను.  విని, చొక్కా వేసుకుని వెళ్లి టికెట్టు కొనుక్కొచ్చారు. ఒక్కటే.

లీజర్లు నాలుగు అంతస్తులకీ చల్లి టైమ్‌టేబుల్ మళ్లీ వేస్తున్నాను, ఆదివారానికి పూర్తవుతుంది. మొన్న నీ చేతులు పట్టుకున్న టీచర్లే రేపు నిన్ను తిట్టుకుంటారు. టైమ్‌టేబుల్ వేసినవాళ్లని మెచ్చుకునే స్టాఫ్‌రూమ్ ఇంకా ఎవరూ కట్టలేదు, ఓర్చుకో. సోమవారం దాన్ని నువ్వే నిలబడి వివరించు. నేను పక్కన కూర్చుంటాను. వాళ్లు నా వైపు చూసి పెన్ను తీస్తే నీ వైపు చూపిస్తాను. ఒట్టు వెయ్యలేను, ప్రయత్నిస్తాను. ఆ తర్వాత వాళ్లు నిన్ను ఉంచుకుంటారో లేదో నాకు తెలియదు. ముందు ఆ పాప అమ్మానాన్నలతో మాట్లాడాలి. ఏం మాట్లాడాలో దారిలో ఆలోచిస్తాను. నాకు మాటలు తడుముకోవడం కొత్త.

సంజాయిషీ చదివాను. 'అనుభవం లేకపోవడం వల్ల' అన్న చోట కొట్టేశాను. అనుభవం ఉన్న నేను చూసీ చెప్పలేదు కాబట్టి ఆ కారణం చెల్లదు. ఆ సంగతి ఒక వాక్యంలో చేర్చాను. కింద నీ సంతకం ఒక్కదానికే చోటు వదిలావు. దానిపైన నా పేరు రాసి సంతకం పెట్టాను. నీది కిందికి దిగింది, ఏమనుకోకు. కుళ్లులో సీనియారిటీ నీదే కావచ్చు. వయసులో నేను పెద్ద, ఈ తప్పులోనూ నేనే పెద్ద. ఈ ఒక్క కాగితం మీద నా పేరు ముందుండాలి.

వదిన